ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు: బోర్డు పోయిందని తేల్చే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్నను ముందు కుదించి రాస్తాను, ఇదే ఇబ్బందితో చదివే మరొకరికీ పనికొస్తుంది. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 స్టిక్కులు రెండు (6000 స్పీడ్ కిట్), ఆర్‌టీఎక్స్ 4060, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 650 వాట్ల మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కేబుళ్లు విడిగా ఊడివచ్చే పవర్ సప్లై). పార్టులు సికింద్రాబాద్‌లో కొని, నిజామాబాద్ తెచ్చుకుని, వీడియోలు చూస్తూ ఇంట్లోనే బిగించారు. బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అంటోంది. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చోట చిన్న లైటు వెలుగుతూనే ఉంది. రెండు నిమిషాలు చూసి ఆపేస్తున్నారు, మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే. షాపుకు ఫోన్ చేస్తే "బోర్డు పోయుంటుంది, తీసుకొచ్చేయండి" అన్నారు. పాత ఎస్‌ఎంపీఎస్ తాలూకు సీపీయూ కేబుల్ ఒకటి ఇంట్లో ఉంది, అది వేసి చూడనా అని కూడా అడిగారు.

ఆ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ప్రమాదం. వేయొద్దు. మాడ్యులర్ కేబుల్‌కి బోర్డు వైపు ఉండే కొసకి ప్రమాణం ఉంది, ఎస్‌ఎంపీఎస్ వైపు ఉండే కొసకి లేదు. కంపెనీ మారితే, ఒక్కోసారి అదే కంపెనీలో మోడల్ మారినా, పిన్ల వరుస మారిపోతుంది. కనెక్టర్ మాత్రం చక్కగా దూరిపోతుంది. తర్వాత గ్రౌండ్ ఉండాల్సిన తీగలో 12 వోల్టులు వస్తే బోర్డో ఎస్‌ఎస్‌డీయో అక్కడికక్కడే కాలిపోతుంది. ఇప్పటిదాకా మీ సిస్టమ్‌లో ఏదీ పోలేదని నా అంచనా. ఆ కేబుల్ వేస్తే నిజంగానే పోవచ్చు. మీ ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో వచ్చిన కేబుళ్లు తప్ప ఇంకేవీ దాని దగ్గరికి రానివ్వకండి.

ఇక అసలు సంగతి. మీరు రెండు నిమిషాలకే ఆపేస్తున్నారు. మీ ప్లాట్‌ఫామ్‌కి అది చాలదు. ఏఎమ్5 (మీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) బోర్డుల మీద డీడీఆర్5 ర్యామ్ మొదటిసారి పెట్టినప్పుడు, ప్రాసెసర్ ఆ ర్యామ్‌తో ఏ టైమింగ్‌లో, ఏ వోల్టేజీలో మాట్లాడితే తప్పులు రావో ఒక్కొక్కటే పరీక్షించుకుంటుంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఆ సేపంతా స్క్రీన్ నల్లగా ఉంటుంది, డీర్యామ్ లైటు వెలుగుతుంది, కొన్నిసార్లు సిస్టమ్ తనంతట తనే ఆగి మళ్లీ మొదలవుతుంది. చూసేవాళ్లకి అచ్చం చచ్చిపోయిన బోర్డులాగే కనిపిస్తుంది. 32 జీబీకి కొన్ని నిమిషాలు పట్టడం మామూలే, పది పదిహేను నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. మధ్యలో కరెంటు తీసేస్తే అప్పటిదాకా చేసిన పని పోయి మళ్లీ మొదటికి వస్తుంది. మీరు చేస్తున్నది అదే. డీడీఆర్4 రోజుల నుంచి అలవాటైనవాళ్లు, షాపుల్లో ఉన్న కొందరితో సహా, ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోరు.

కాబట్టి ఈ రాత్రి మీరు చేయాల్సింది ఇంతే. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి ఉందో లేదో చూడండి. కార్డు పెట్టుకుని కేబుల్‌ని మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి గుచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. మానిటర్ మెనూలో ఏ ఇన్‌పుట్ ఎంచుకుని ఉందో కూడా చూడండి. తర్వాత సిస్టమ్ ఆన్ చేసి, టైమ్ చూసుకుని, అరగంట ముట్టుకోకండి. కరెంటు పోయే వేళ అయితే యూపీఎస్ మీద పెట్టండి. భోజనం చేసి రండి. తిరిగొచ్చేసరికి బయోస్ స్క్రీన్ (విండోస్ కంటే ముందు బోర్డు చూపించే సెట్టింగుల స్క్రీన్) కనిపిస్తే కింద రాసిందాంట్లో సగం మీకు అక్కర్లేదు.

అరగంట తర్వాత కూడా డీర్యామ్ లైటు అలాగే ఉంటే అప్పుడు ర్యామ్ దగ్గరికి వెళ్దాం. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, మిగిలిన చార్జ్ పోతుంది. రెండు స్టిక్కులూ తీసేయండి. ఒక్కటి మాత్రం, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో పెట్టండి. మాన్యువల్‌లో దాని పేరు ఏ2 అని ఉంటుంది. స్టిక్కులు రెండైతే రెండో స్లాట్, నాలుగో స్లాట్ (దాని పేరు బీ2). ఒకటి, మూడు అని పెట్టినా, పక్కపక్కన పెట్టినా కొన్ని బోర్డులు అసలు లేవవు. మీ బోర్డులో స్లాట్లు రెండే ఉంటే ఈ గొడవే లేదు.

పెట్టేటప్పుడు గట్టిగా నొక్కాలి, ఇక్కడే కొత్తవాళ్లు భయపడి ఆగిపోతారు. చాలా బోర్డుల్లో ఇప్పుడు ఒకవైపే క్లిప్ ఉంటుంది. క్లిప్ ఉన్న వైపు టక్కుమని పడగానే పని అయిపోయిందనుకుంటాం, రెండోవైపు ఒక మిల్లీమీటరు పైకే ఉండిపోతుంది. రెండు చివర్లా బొటనవేళ్లతో సమంగా నొక్కి, తర్వాత పక్క నుంచి చూడండి. బంగారు రంగు అంచు స్లాట్ పైన ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కనబడుతుంటే సరిగ్గా కూర్చోలేదన్నట్టే. స్టిక్ మీద కాంటాక్టులు వేళ్లతో తాకి ఉంటే మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. ఎరేజర్‌తో రుద్దే చిట్కా మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. పాత సిస్టమ్‌లకి ఏమో కానీ కొత్త స్టిక్‌కి అవసరం లేదు, ఆ పొట్టు స్లాట్‌లో పడితే అదో కొత్త తలనొప్పి.

ఒక్క స్టిక్‌తో ఆన్ చేసి మళ్లీ పదిహేను నిమిషాలు ఆగండి. ర్యామ్ మార్చారు కాబట్టి ట్రైనింగ్ మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది. రాకపోతే అదే స్లాట్‌లో రెండో స్టిక్. ఒక దానితో వచ్చి రెండో దానితో రాకపోతే స్టిక్ పోయింది, కిట్ మార్పించుకోండి. రెండింటితోనూ ఏ2లో రాకుండా బీ2లో వస్తే విషయం వేరే ఉంది, దాని గురించి కింద రాస్తాను.

ఇక్కడ ఒక మాట. కొత్త సిస్టమ్ రాకపోతే ఒకేసారి నాలుగు మార్పులు చేసేయాలనిపిస్తుంది. ర్యామ్ మార్చి, కార్డు తీసి, బ్యాటరీ పీకి, ఒకేసారి ఆన్ చేస్తారు. అప్పుడు వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు, వారం తర్వాత మళ్లీ ఆగితే ఎక్కడ వెతకాలో తెలియదు. ఒక్కసారికి ఒక్క మార్పు, దాని ఫలితం ఫోన్‌లో ఒక లైను. ఆ లైట్లు మనకి చెప్పేది కూడా అదే: సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్క్ నుంచి విండోస్ మొదలవడం) అని నాలుగు మెట్లలో సిస్టమ్ ఏ మెట్టు మీద ఆగిందో. ఏ పార్టు పోయిందో అవి చెప్పవు. డీర్యామ్ లైటు వెలిగితే ర్యామ్ పోయిందని అర్థం కాదు, ఆ మెట్టు ఇంకా దాటలేదని మాత్రమే. రంగులు కంపెనీని బట్టి మారతాయి, రంగు పట్టించుకోకుండా పక్కన ఏం రాసి ఉందో చదవండి.

ఇక కేబుళ్లు. బోర్డుకి రెండు ఉండాలి: వెడల్పాటి 24 పిన్, పైన ఎడమ మూలలో 8 పిన్. ఆ పై మూలది చాలామంది మరిచిపోతారు, క్యాబినెట్‌లో కూలర్ వెనక దాక్కుని ఉంటుంది. అది లేకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, అందుకే మోసపోతాం. ఆ సందర్భంలో సాధారణంగా సీపీయూ లైటు దగ్గరే ఆగుతుంది కాబట్టి మీ విషయంలో అది సరిగ్గానే ఉండాలి, అయినా క్లిప్ పడిందో లేదో చూడండి. 4 ప్లస్ 4గా విడిపోయేది సీపీయూ కేబుల్, 6 ప్లస్ 2గా విడిపోయేది గ్రాఫిక్స్ కార్డు కేబుల్. కొస మీద సీపీయూ, పీసీఐఈ అని అచ్చు వేసి ఉంటుంది. ఒకదాన్ని రెండోదాంట్లో బలవంతంగా దూర్చొద్దు.

ఇంకా రాకపోతే గ్రాఫిక్స్ కార్డు తీసి పక్కన పెట్టండి. మీ 7600లో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంది, మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐ నుంచే డిస్‌ప్లే వస్తుంది. ఇది మీకు పెద్ద సౌకర్యం. 7500ఎఫ్ కొన్నవాళ్లకీ, ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవి కొన్నవాళ్లకీ ఈ వీలు లేదు, వాళ్లకి కార్డు ఉండి తీరాల్సిందే. కార్డు తీసేటప్పుడు స్లాట్ చివర ఉన్న చిన్న లాక్ నొక్కి పట్టుకుని లాగండి. ఎస్‌ఎస్‌డీ, ముందు వైపు యూఎస్‌బీ కేబుళ్లు, అదనపు ఫ్యాన్లు కూడా విప్పేయండి. మిగలాల్సింది బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక్క స్టిక్, రెండు పవర్ కేబుళ్లు.

ఈ మాత్రం దాన్ని క్యాబినెట్ లోంచి బయటికి తీసి, మదర్‌బోర్డు అట్టపెట్టె మీద పెట్టి నడిపితే సగం అనుమానాలు తీరిపోతాయి. అట్టపెట్టె మీదే పెట్టండి, అది వచ్చిన మెరిసే కవర్ మీద కాదు. ఆ కవర్ బయటి వైపు కరెంటుని కొంత ప్రవహించనిస్తుంది. బటన్ ఉండదు కాబట్టి మాన్యువల్ చూసి ముందు ప్యానెల్ పిన్లలో పవర్ స్విచ్ తాలూకు రెండింటిని స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపి వదలండి. దానికి ప్లస్ మైనస్ లేదు, భయం అక్కర్లేదు. బయట వచ్చి క్యాబినెట్‌లో రాకపోతే దోషం క్యాబినెట్‌లోనే. ఎక్కువగా బోర్డు కింద అవసరం లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డుని ఎత్తి పట్టే చిన్న కాలు) ఒకటి మిగిలిపోయి వెనక తగులుతుంటుంది. ముఖ్యంగా మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు బోర్డుని పెద్ద క్యాబినెట్‌లో పెట్టినప్పుడు.

బయట పెట్టి పని చేస్తున్నప్పుడు ఎర్తింగ్ సంగతి చూసుకోండి. మన ఇళ్లలో చాలాచోట్ల మూడో పిన్‌కి తీగే ఉండదు, లేదా రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడతాం. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు లైన్ నుంచి బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ ఇనుము మీద మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజీ తేలుతూ ఉంటుంది. చెప్పులు లేకుండా ముట్టుకుంటే సన్నగా జిల్లుమనేది అందుకే. ఎస్‌ఎంపీఎస్ పాడైందని దాన్ని మార్చేస్తారు, కొత్తది కూడా జిల్లుమంటుంది. మార్పించాల్సింది ప్లగ్ పాయింట్. సిస్టమ్ రాకపోవడానికి ఇది కారణం కాదు కానీ, కార్డులు పెట్టేటప్పుడు తీసేటప్పుడు ప్లగ్ తప్పకుండా పీకేయాలని మీకు చెప్పడానికి ఇది చాలు.

సీమాస్ క్లియర్ చేయమని, అంటే బయోస్ సెట్టింగులు చెరిపేయమని, అందరూ మొదటే చెబుతారు. కొత్త బోర్డుకి దానివల్ల ఒరిగేది తక్కువ, ఎందుకంటే అందులో మీరు ఇంకా ఏ సెట్టింగూ మార్చలేదు. అయినా చేయాలనుకుంటే ప్లగ్ తీసి, మాన్యువల్‌లో చూపిన రెండు పిన్లను పది సెకన్లు కలపండి. లేదా నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి ఉంచండి. ఆ తర్వాత మళ్లీ ట్రైనింగ్, మళ్లీ నిరీక్షణ.

బయోస్ పాతదై ప్రాసెసర్‌ని గుర్తుపట్టకపోవడం ఇంకో కారణం. 7600 విషయంలో ఆ అవకాశం తక్కువ. 9600ఎక్స్, 9700ఎక్స్ మార్కెట్లోకి వచ్చింది ఆగస్టు 2024లో. అంతకు ముందు తయారై గోడౌన్‌లో ఉండిపోయిన బీ650 బోర్డు మీద అవి పెడితే లేవకపోవచ్చు. ఇంటెల్‌లో 12వ తరం కోసం వచ్చిన బీ660 బోర్డు మీద 13, 14 తరాల ప్రాసెసర్లు పెట్టినవాళ్లదీ ఇదే కథ. బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ప్రాసెసర్ పనిచేయకపోయినా బయోస్ మార్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, కంపెనీ సైట్ నుంచి మీ బోర్డు కచ్చితమైన మోడల్‌కి, రివిజన్ నంబరుతో సహా చూసి, ఫైల్ దించుకుని, మాన్యువల్ చెప్పిన పేరు పెట్టి, గుర్తున్న యూఎస్‌బీ పోర్ట్‌లోనే గుచ్చి బటన్ నొక్కాలి. లైటు మెరవడం ఆగేదాకా కరెంటు పోకూడదు, కాబట్టి ఇది మాత్రం యూపీఎస్ లేకుండా చేయొద్దు. బయోస్ కొత్తదైతే కొన్ని మొండి ర్యామ్ కిట్లు కూడా దారికొస్తాయి, అందుకని పై ప్రయత్నాలన్నీ అయ్యాక మీరూ చేసి చూడవచ్చు.

ఇప్పుడు అన్నిటికంటే ఇబ్బందికరమైనది. ఏఎమ్5లో పిన్లు ప్రాసెసర్‌కి కాదు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి, 1718. వాటిలో ఒక్కటి వంగినా, ఆ పిన్ మెమరీ దారిలోది అయితే డీర్యామ్ లైటు దగ్గరే ఆగుతుంది, లేదా ఒక వైపు స్లాట్లు పనిచేసి రెండో వైపువి పనిచేయవు. పైన బీ2 గురించి ఆపింది ఇందుకే. అలా జరిగితే కూలర్ విప్పే ముందు దాని స్క్రూలు కొంచెం వదులు చేసి, ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా సమంగా బిగించి చూడండి. ఒక పక్క ఎక్కువ బిగిసినా ప్రాసెసర్ సాకెట్ మీద సరిగ్గా ఆనక ఇలా ఒక వైపు ర్యామ్ స్లాట్లు పనిచేయకుండా పోతాయి. దానికీ రాకపోతే కూలర్ తీయండి, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయాల్సి వస్తుంది. ప్రాసెసర్ ఎత్తి, ఫోన్ టార్చ్ ఏటవాలుగా పట్టుకుని సాకెట్‌ని ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. పిన్ల వరుసలు ఒకేలా మెరవాలి, ఎక్కడైనా మెరుపు తేడాగా ఉంటే అక్కడ వంగిందని అర్థం. సూదితో సరిచేసే వీడియోలు ఉన్నాయి. చేయి కుదురుగా ఉన్నవాళ్లు చేస్తారు, నేను మాత్రం వారంటీలో ఉన్న కొత్త బోర్డు మీద ఆ పని చేయమని ఎవరికీ చెప్పను.

సిస్టమ్ అసలు కదలనివాళ్లకి, అంటే ఒక్క ఫ్యాన్ కూడా తిరగనివాళ్లకి, దారి వేరు. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్, గోడ స్విచ్, ముందు ప్యానెల్ తీగ సరైన పిన్ల మీద ఉందో లేదో, ఈ మూడూ చూసి, స్క్రూడ్రైవర్‌తో ఆన్ చేసి చూడండి. 24 పిన్‌లో 16వ పిన్‌ని పక్కనున్న గ్రౌండ్‌తో పేపర్ క్లిప్ పెట్టి కలిపే పరీక్ష ఉంది. కేబుల్‌ని బోర్డు నుంచి విప్పాకే అది చేయాలి. అందులో ఎస్‌ఎంపీఎస్ లేచినంత మాత్రాన లోడ్ మోస్తుందని కాదు. పైగా లోడ్ లేనప్పుడు ఫ్యాన్ తిప్పని మోడళ్లు చాలా వచ్చాయి, ఫ్యాన్ తిరగలేదని అది పోయిందనుకోకండి. ఫ్యాన్లు ఒక్క క్షణం కదిలి ఆగిపోతుంటే షార్ట్ అనుకుని, పైన చెప్పినట్టు అన్నీ విప్పి బయట పెట్టండి.

మీకు డిస్‌ప్లే వచ్చాక రెండు మూడు విషయాలు మళ్లీ కంగారు పెట్టొచ్చు, ఇప్పుడే చెప్పేస్తాను. కొత్త ప్రాసెసర్ పెట్టారు, ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లో తాళాల కీలు దాచుకునే చోటు) డేటా రీసెట్ చేయాలా, వై లేదా ఎన్ నొక్కండి అని నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు రావచ్చు. మీది ఖాళీ ఎస్‌ఎస్‌డీ కాబట్టి నిశ్చింతగా వై నొక్కండి. పాత సిస్టమ్ డిస్క్‌ని బిట్‌లాకర్‌తో (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) సహా తెచ్చుకున్నవాళ్లు మాత్రం రికవరీ కీ చేతిలో ఉంచుకున్నాకే నొక్కాలి. తర్వాత బూట్ లైటు వెలిగి ఉంటుంది. అందులో విండోస్ లేదు కాబట్టి వెలుగుతుంది, అది ఫాల్ట్ కాదు. ఎస్‌ఎస్‌డీ బయోస్‌లో కనబడకపోతే తీసి, ప్రాసెసర్‌కి దగ్గరున్న ఎమ్.2 స్లాట్‌లో పెట్టి స్క్రూ బిగించండి. ఇంటెల్ వాళ్లకి బయోస్‌లో కనబడి విండోస్ ఇన్‌స్టాలర్‌లో కనబడకపోతే వీఎండీ అనే సెట్టింగ్ కారణం అయ్యుంటుంది. దాన్ని ఆపాలి, లేదా ఇంటెల్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి.

మీ 6000 కిట్ మొదట సాధారణంగా 4800 దగ్గర నడుస్తుంది. బయోస్‌లో ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేస్తేనే 6000. ఆ పని విండోస్ ఎక్కించి, ఒకటి రెండు రోజులు నడిచాక చేయండి. ఆన్ చేయగానే మళ్లీ ట్రైనింగ్ ఉంటుంది, మళ్లీ నల్ల స్క్రీన్, ఈసారి మీకు తెలుసు. ప్రతి రోజూ ఆన్ అవడానికి నిమిషం పైన పడుతుంటే బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ అనేది ఎనేబుల్ చేయండి, పోయినసారి ట్రైనింగ్ ఫలితాన్నే వాడుకుంటుంది. దాని తర్వాత విండోస్ అప్పుడప్పుడు నీలి స్క్రీన్ చూపిస్తే దాన్ని ఆపేయండి. తర్వాత్తర్వాత ఇంకో రెండు స్టిక్కులు కొని నాలుగు చేద్దామనుకుంటే, ఈ ప్లాట్‌ఫామ్ మీద నాలుగు స్టిక్కులు 6000లో నడవడం కష్టమని గుర్తుంచుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా డీర్యామ్ దగ్గరే ఆగితే అప్పుడు సికింద్రాబాద్ వెళ్లండి, అంతకు ముందు వద్దు. బోర్డుతోపాటు ప్రాసెసర్, రెండు స్టిక్కులు, బిల్లు పట్టుకెళ్లండి. సాకెట్ మీద వచ్చిన నల్ల ప్లాస్టిక్ మూత పారేయకుండా ఉంటే అది తిరిగి పెట్టండి, మూత లేకపోతే వారంటీకి తీసుకోని కంపెనీలు ఉన్నాయి. బయల్దేరే ముందు సాకెట్ ఫోటో తేదీతో సహా ఫోన్‌లో ఉండాలి, ఎందుకంటే వంగిన పిన్ సాధారణంగా వారంటీ కిందికి రాదు, అది ఎవరి చేతిలో వంగిందన్న వాదన వస్తే మీ దగ్గర రుజువు ఉండాలి. షాపులో మీ బోర్డు మీద వాళ్ల ర్యామ్, వాళ్ల బోర్డు మీద మీ ర్యామ్, మీ కళ్ల ముందే పెట్టి చూపించమనండి. ప్రతిదానికీ పదిహేను నిమిషాలు ఆగమని కూడా చెప్పండి. రెండు నిమిషాలకే స్విచ్ ఆపబోతే ఆపనివ్వకండి.